వసారాలో వేలాడిన కాంటా

మా మామ వెంకట్రాజానికి పారేయడం అనే విద్య రాదు. వరంగల్ బీట్ బజారులో బెల్లం, చింతపండు అమ్మే దుకాణం ఆయనది. ఇల్లు గిర్మాజీపేటలో. దుకాణంలో సరుకు నిలవ ఉంటే ఆయనకు నిద్ర పట్టేది కాదు, ఇంట్లో సామాను కదిలితే అన్నం సయించేది కాదు. కొత్త కోడలిగా నేను కుడికాలు ముందుపెట్టి ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున, పెట్టిన కాలు తిన్నగా పోయి గోడవారగా ఉన్న ఒక పాడైన పెట్రోమాక్స్ దీపానికి తగిలింది. దీపానికి ఏమీ కాలేదు. దానికి కావలసినవన్నీ అప్పటికే అయిపోయాయి. నా బొటనవేలికి మాత్రం పసుపు అద్దాల్సి వచ్చింది.

"చూసి నడువు బిడ్డా, అది మంచి లైటు" అన్నాడు మామ. ఆయన నాతో అన్న మొదటి మాట అదే.

అట్లాంటి మంచి వస్తువులు ఆ ఇంటినిండా ఉండేవి. కరెంటు వచ్చి ఏళ్ళయినా కందిళ్ళు అటక కొక్కేల మీదే వేలాడేవి. అటక మీది పాత బ్యాటరీ రేడియోలో ఒక ఎలుక కాపురం పెట్టి పిల్లాపాపలతో చల్లగా ఉండేది. గోడ గడియారానికి ముళ్ళు కదిలేవి కావు గానీ బుద్ధి పుట్టినప్పుడల్లా గంటలు కొట్టేది. దాన్ని నమ్మి మా అత్తమ్మ ఒక ఏకాదశి ఉపవాసం ముందే విడిచిందట, ఆ పాపం గడియారానిదే గానీ తనది కాదని చెప్పడానికి ఆమె ఆ తర్వాత ఎన్నో గుళ్ళు తిరిగింది. స్ప్రింగు తెగిన గ్రామఫోను అటకెక్కింది. దాని ఇత్తడి బూరను మాత్రం అత్తమ్మ ఏడాదికోసారి దింపించి, తుడిచి, కాగులోకి కందిపప్పు పోయడానికి గరాటులా వాడుకుని మళ్ళీ పైకి పంపేది.

"పారేయనీకి నిమిషం పట్టదు. కావాలంటే మళ్ళ ఏడ దొరుకుతది?" అనేవాడు మామ.

"నన్ను సుత ఆ అటక మీదనే పెట్టయ్యా, ఎప్పుడన్న పనికొస్త" అనేది అత్తమ్మ.

ఆయన నవ్వేవాడు కాదు. చోటు ఉందా లేదా అన్నట్టు నిజంగానే అటక వైపు చూసేవాడు.

వీటన్నిటికీ పెద్దన్న లాంటిది కాంటా. వాళ్ళ నాయన కాలం నుంచి దుకాణంలో బస్తాలు తూచిన ఇనప కాంటా అది. మనిషి బారు దండె, దానికి రెండు కొసలా గొలుసులు, గొలుసులకు మనిషి కూర్చునేటంత చెక్క పళ్ళేలు. కిలోల లెక్క వచ్చినాక సర్కారు ముద్రపడిన కొత్త కాంటా కొనక తప్పలేదు. పాతదాన్ని ఇనుము కింద అమ్మేయమని బజారంతా చెప్పింది. మామ బండి కట్టించుకుని దాన్ని ఇంటికి తెచ్చి, మా వసారాలో అటక పక్క దూలానికి వేలాడదీయించాడు. పొద్దున లేస్తూనే దేవుడి కంటే ముందు దాని దండెను తాకి కళ్ళకద్దుకునేవాడు.

నవ్వేవాళ్ళు నవ్వేవారు గానీ ఆ కాంటాకు బజారులో గొప్ప పేరుండేది. ఇద్దరు బేరగాళ్ళు తూకం దగ్గర తగువుపడితే, "వెంకట్రాజం కాంట మీద పెడదాం పా" అనుకుని వచ్చేవారట. అది ఎటు మొగ్గితే అటే న్యాయం. "నా కాంట మాట దేవుని మాట" అనేవాడు మామ. కొడుకు మాట మీద కూడా ఆయనకు అంత నమ్మకం లేదు. ఆ విషయంలో నేనూ ఆయన పక్షమే.

ప్రతి దసరాకు దానికి పూజ. పసుపు నీళ్ళతో స్నానం, పాలతో అభిషేకం, ఒళ్ళంతా గంధం, కుంకుమ. చివరన దండె దూలానికి వేలాడే చోట, ఆ ఇరుసు సందులో ఒక పోకవక్క, ఒక రాగి పైసా దోపి, పైన ఇంత పసుపు ముద్ద మెత్తేవాడు. కాంటాకు గుండెకాయ అక్కడే ఉంటుందని ఆయన చెప్పేవాడు. దుకాణాల వాళ్ళందరూ చేసే పనే అది.

ఇంతవరకు నవ్వుతూ చెప్పాను. అరవై రెండులో నాకు తొలి కాన్పయింది. పుట్టిన బిడ్డ దక్కలేదు. నాకు జ్వరం పట్టుకుంది. దవాఖానలో ఉంచారు, ఇంటికి తెచ్చారు, మళ్ళీ తీసుకుపోయారు. లోపలి గదిలో నులకమంచం మీద పడుకుంటే, మంచం మీద మనిషి ఉన్నదో దుప్పటి ఉన్నదో చెయ్యి వేసి చూస్తే గానీ తెలియనట్టు అయిపోయాను. నాకు పుట్టింట్లో తల్లి లేదు. రఘునాథపల్లిలో చిన్న కొట్టు పెట్టుకుని బతికే మా నాయన వచ్చి, తలుపు దగ్గర నిలబడి, కండువాతో మొహం తుడుచుకుని పోయేవాడు.

అప్పుడే తొర్రూరు నుంచి చిలుకమ్మ దిగింది. మా మామకు సొంత అక్క ఆమె. నేను పెద్దత్తా అని పిలిచేదాన్ని. చెడ్డ మనిషి కాదు. తమ్ముడి ఇంట్లో దీపం పెట్టేవాడు లేకుండా పోతాడేమోనన్న భయం ఆమెది. కానీ భయమున్న మనిషికి నోరు పెద్దదైతే ఎదుటివాళ్ళు బతకడం కష్టం. వసారాలో కూర్చుని, లోపల నాకు వినపడుతుందని తెలిసి కూడా గొంతు తగ్గించకుండా మాట్లాడింది.

"ఎన్ని దినాలు చూస్తవ్ తమ్మీ? ఆ పిల్ల లేచేటట్టు లేదు. లేచినా కడుపు పండదంటాండ్లు. మా తొర్రూరుల చక్కని పిల్ల ఉన్నది. పాండురంగానికి ఏమంత వయసు మీరిందని?"

పాండురంగం అంటే మా ఆయన. అక్కడే ఉన్నాడు. ఉన్నాడని తర్వాత తెలిసింది, ఎందుకంటే ఆయన నోరు విప్పలేదు.

మామ అటక వైపు చూస్తూ కూర్చున్నాడు. చిలుకమ్మకు ఒళ్ళు మండింది.

"పాడైన సామానంత ఇంట్ల పెట్టుకునుడు నీకు అలవాటే. కోడలిని సుత గట్లనే పెట్టుకుంటవా?"

"అలవాటే గదక్కా" అన్నాడు మామ. "మా ఇంట్ల పారేసుడు లేదు."

ఆ మాట విని నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. ఎలుకలున్న రేడియో, గంటలు తప్పిన గడియారం, వాటి పక్కన నన్ను కూడా లెక్కేశాడే అని నా ఏడుపు. నా తరఫున ఆ ఇంట్లో ఒక మగవాడు పలికిన మొదటి మాట అదేనని నాకు అప్పుడు తట్టలేదు. రోగంలో ఉన్న మనిషికి మంచి మాట కూడా చేదుగానే ఉంటుంది.

వంటింట్లోంచి అత్తమ్మ వచ్చింది. చేతిలో గరిటె కూడా దింపలేదు. తూర్పుకు తిరిగి నిలబడి అందరికీ వినపడేటట్టు మొక్కింది.

"సమ్మక్క తల్లీ, సారలమ్మ తల్లీ. నా కోడలు లేచి నా వంటింట్ల తిరగాలె. దానెత్తు బంగారం తెచ్చి మీ గద్దె కాడ పెడతా."

మేడారం తల్లులకు బంగారమంటే బెల్లమే. ఎవరి పేరున మొక్కుకుంటే వాళ్ళను కాంటాలో ఒకవైపు కూర్చోబెట్టి, వాళ్ళ తూకానికి బెల్లం తూచి జాతరకు తీసుకుపోతారు.

చిలుకమ్మ దండం పెట్టుకుంది. పెట్టుకుని తన మాట కూడా అక్కడే ముడివేసింది. "మంచిది. తల్లి ఈ మొక్కు అందుకుంటే నేనిగ ఆ తొర్రూరు పిల్ల మాట ఎత్త. అందుకోకుంటే నువ్వు నా మాటకు అడ్డం రావద్దు."

నేను బతికాను. మందులతో బతికానో మొక్కుతో బతికానో నాకు తెలియదు గానీ, అత్తమ్మ చేతి గంజితో బతికానని మాత్రం తెలుసు. చెంచాతో తాగించేది. మింగకపోతే తిట్టేది. తిట్టి, మూతి తుడిచి, మళ్ళీ తాగించేది. కన్నతల్లి ఉండి ఉంటే ఇంకొంచెం మెత్తగా తిట్టేదేమో, అంతకంటే ఎక్కువ చేసేది కాదు.

నేను గోడ పట్టుకుని వసారా దాకా నడిచిన రోజునే మామ కాంటా వైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"మొక్కు నెరవేరినట్టే గద. పిల్ల లేచింది. ఇయ్యాలనే తూచేద్దాం."

అత్తమ్మ ఆయన్ని నిలువునా చూసింది. "జాతరకు ఇంక ఏడాదున్నది. ఇప్పుడు తూచి, ఏడాది చీమలకు పెడతవా?"

"బెల్లం తర్వాత తీస్తం. తూకం జ్ఞాపకం పెట్టుకుంటే సరిపాయె."

"ఇప్పుడైతే పుల్ల లెక్కున్నదని నీ కడుపుల ఉన్న మాట. తల్లికి బొక్కల తూకం ఇస్తవా? పిల్ల నిండుగ కావాలె. నిండినంకనే తూచుడు."

ఇక ఆ ఏడాది నేను పడ్డ పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు. అత్తమ్మ నాకు నెయ్యి పోసేది, గడ్డపెరుగు వేసేది, నువ్వులుండలు చేసి కొంగుకు కట్టేది. ఎదురుగా విస్తరి ముందు కూర్చున్న మామ నా కంచం వైపు చూసి గుటక మింగేవాడు. నేను తినే ప్రతి ముద్దా ఆయనకు రెండు ఖర్చులు. అన్నం ఒకటి, ఆ అన్నమెత్తు బెల్లం ఒకటి. నేను సిగ్గుపడి చెయ్యి కడుక్కోబోతే మాత్రం ఆయనే అడ్డం పడేవాడు.

"తిను బిడ్డా తిను. నా ఫికర్ జెయ్యకు." అని, కాసేపాగి, "జర నెయ్యి తక్కువున్నా పర్వాలేదు" అనేవాడు.

అట్లా నేను మళ్ళీ మనిషినయ్యాను. అరవై నాలుగు మాఘమాసం వచ్చింది. జాతరకు బండ్లు కట్టే రోజులు దగ్గరపడ్డాయి. తూకానికి మంచిరోజు చూశారు. చిలుకమ్మ తొర్రూరు నుంచి ముందురోజే వచ్చి కూర్చుంది. తొర్రూరు పిల్లకు ఇంకా సంబంధం కుదరలేదని, అడగకపోయినా అందరికీ చెప్పింది. నాకు అన్నం దిగలేదు.

"దుకాణంల కొత్త కాంట ఉన్నది గద నాయినా, బస్తాలు తూచేది. దాని మీద తూచుదాం" అన్నాడు మా ఆయన. పెళ్ళయినప్పటి నుంచి ఆయన చెప్పిన తెలివైన మాట అదొక్కటే. దాన్నీ ఎవరూ వినలేదు.

"తల్లికిచ్చే బంగారం సర్కారు కాంట మీద తూస్తరా?" అన్నాడు మామ. "మా అయ్య తూచిన కాంట ఉండంగ?"

"పాతది నడుస్తదో లేదో ఓసారి చూడరాదు?"

మామ మొహం ఎర్రబడింది. పూజ చేసిన కాంటాకు పరీక్ష పెట్టడమంటే ఆయనకు తండ్రిని సాక్ష్యం అడిగినట్టు. చూడలేదు. అత్తమ్మ దాన్ని పసుపునీళ్ళతో కడిగింది, మామ ఇరుసు మీద ఇంకో పసుపు ముద్ద మెత్తాడు. వాడకట్టు ఆడవాళ్ళందరూ వచ్చి వసారాలో, వాకిట్లో నిలబడ్డారు. హమాలీ మొగిలయ్య దుకాణం నుంచి బెల్లం ముద్దలు తోపుడుబండి మీద తెచ్చి గుమ్మరించాడు. మనిషిని చూసి తూకం చెప్పడంలో మామ దిట్ట. నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "ఇంత చాలు" అని తన అంచనాకు సరిపడా ముద్దలు పక్కన పెట్టించాడు.

పట్టుచీర కట్టి, బొట్టు పెట్టి, నన్ను ఒక పళ్ళెంలో కూర్చోబెట్టారు. పళ్ళెం అడుగు నేలకు నడుమెత్తున ఉంది. నేను కూర్చుంటే దిగాలి కదా. దిగలేదు. ఎవరూ పట్టించుకోలేదు. నేను బక్కదాన్నే గనక అంతే కాబోలనుకున్నారు. అమ్మవార్ల పేరు చెప్పి మామ తొలి ముద్ద తన చేత్తో ఎదుటి పళ్ళెంలో పెట్టాడు. మొగిలయ్య మిగతావి పేర్చాడు.

మామ అంచనా అయిపోయింది. కాంటా కదలలేదు.

"ఇంకోటి వెయ్యి" అన్నాడు మామ. వేశారు. ఇంకోటి వేశారు. కాంటా గుళ్ళో ధ్వజస్తంభం లాగా ఉంది.

వాడకట్టు ఆడవాళ్ళు మొదట నవ్వారు. "మీ అత్త పోసిన నెయ్యి ఊకెనే పోలేదే రాజేశ్వరీ" అన్నది ఒకామె. "పట్టుచీర తూకం కావచ్చు" అన్నది ఇంకొకామె. నేను తల దించుకుని నా చేతులు నేను చూసుకున్నాను. మొగిలయ్య ఖాళీ బండి తోసుకుని దుకాణానికి పోయి మళ్ళీ నింపుకొచ్చాడు. పళ్ళెంలో బెల్లం గుట్టయింది. ఆ గుట్ట వెనక అత్తమ్మ నాకు కనిపించడం మానేసింది. కాంటా మాత్రం కదలలేదు.

నవ్వులు తగ్గాయి. బెల్లం మీద ఈగలు వాలుతున్న చప్పుడు కూడా వినిపిస్తున్నట్టు ఉంది.

అప్పుడు చిలుకమ్మ మాట్లాడింది. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడింది. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

"తల్లి అందుకుంటలేదు."

అత్తమ్మ "వదినె" అంటూ ఒకడుగు ముందుకు వేసింది. అక్కడున్న ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు చేతులు జోడించారు. అమ్మవారు కాదన్న మనిషిని ఏ ఇంట్లోనైనా ఎట్లా ఉంచుకుంటారు? నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నేల వైపు చూస్తున్నాడు. నేలలో ఏం కనిపించిందో ఇప్పటికీ అడుగుతుంటాను, చెప్పడు.

నాకు పళ్ళెంలోంచి దిగి పోవాలని ఉంది. రఘునాథపల్లి బస్సు ఎన్నింటికుందా అని ఆలోచించాను. నిజం చెప్తున్నాను, అదే ఆలోచించాను.

"నేనేమన్న చెప్పిన్నా తమ్మీ?" అన్నది చిలుకమ్మ. "నీ కాంటనే చెప్పింది. నీ కాంట మాట దేవుని మాటంటివి. చిన్నప్పటి సంది నీ నోట గదే వింటున్న."

మామ కాంటా దగ్గరికి వచ్చాడు. దండె మీద చెయ్యి వేశాడు, రోజూ పొద్దున వేసినట్టే. ఆయన మొహం నాకు దగ్గరగా ఉంది. బేరంలో నష్టం వచ్చినప్పుడు కూడా ఆ మొహాన్ని అట్లా చూడలేదు. బజారంతా తల వంచిన కాంటా అది. వాళ్ళ నాయన చెయ్యి పడ్డ కాంటా. అది తప్పు కాకపోతే నేను తప్పు. రెండూ ఒప్పయ్యే దారి లేదు.

"నిజమే అక్కా" అన్నాడు. "దేవుని మాటనే అన్న. కని ఇయ్యాల ఇది చెప్పేది అబద్ధం. నా కాంట పాడైంది."

ఆ ఇంట్లో ఒక వస్తువు పాడైందని ఆ మనిషి ఒప్పుకోవడం అదే మొదటిసారి. గడియారాన్ని కూడా ఆయన ఎన్నడూ అంత మాట అనలేదు.

"పాడైందా? నీ కాంటనా?" అన్నది చిలుకమ్మ.

"పాడైంది. పనికిరాదు. పిల్లకు ఏ లోపం లేదు." అని అత్తమ్మ వైపు తిరిగాడు. "రోకలి తే."

అత్తమ్మ రోకలి తెచ్చింది. నన్ను దింపాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. రోజూ కళ్ళకద్దుకున్న ఆ కాంటాను మామ రోకలెత్తి ఇరుసు మీద ఒక్కటి కొట్టాడు. పసుపు పెచ్చులు రాలాయి. రెండోది ఇంకా గట్టిగా కొట్టాడు.

సందులోంచి ఏదో టప్పున ఎగిరి మొగిలయ్య నుదుటికి తగిలింది. వక్క. దాని వెనకాల ఇంకో వక్క, పైసలు, మళ్ళీ వక్కలు. దుకాణంలో ఉన్న రోజుల్లో పూజైన మర్నాడు తూకం వేయాలి గనక వక్కను, పైసాను తీసేసేవారు. ఇంటికి వచ్చాక దానితో తూచేదెవరు, తీసేదెవరు? ప్రతి దసరా వక్కా, ప్రతి దసరా పైసా ఆ సందులోనే ఉండిపోయి, పసుపు, గంధం, పాలు కలిసి ఎండి రాయిలా బిగిశాయి. కాంటాకు భక్తితోనే మేకు కొట్టి పెట్టాడు మా మామ.

ఆ మేకు ఊడింది. ఊడితే ఏమవుతుంది? ఒకవైపు నేను, ఒకవైపు నాకు రెండింతల బెల్లం. బెల్లం పళ్ళెం ధబాలున నేలకు దిగింది, నేను పట్టుచీరతో సహా పైకి లేచాను. నా తల పోయి అటక చెక్కకు తగిలింది. చెక్క ఒకవైపు లేచింది. దాని మీద ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న సంసారమంతా కిందికి బయలుదేరింది. ముందు కందిలి, దాని వెనక ఎలుకల రేడియో, చివరకు గ్రామఫోను బూర. రేడియో బెల్లం గుట్ట మీద పడి, అందులోంచి ఎలుక కుటుంబం వాకిట్లోకి పరిగెత్తితే, వాడకట్టు ఆడవాళ్ళు వాటికంటే ముందు పరిగెత్తారు. బూర వచ్చి చిలుకమ్మ తల మీద బోర్లా పడి భుజాల దాకా దిగింది. సన్నటి కొస కొప్పు మీద నిలబడింది.

"నన్ను చంపుతాండ్లు" అని బూరలోంచి వినిపించింది. ఆ గ్రామఫోను ఇంట్లో పాడిన ఆఖరి పాట అదే.

ఈ గందరగోళానికి గోడ గడియారానికి కూడా ఉత్సాహం వచ్చి గంటలు కొట్టడం మొదలుపెట్టింది. మొగిలయ్య నుదురు పట్టుకుని నవ్వుతున్నాడు. మా ఆయన, పాపం, పరిగెత్తుకొచ్చి నా కాళ్ళు పట్టుకుని కిందికి లాగుతున్నాడు. లాగితే దిగేదాన్ని, వదిలితే మళ్ళీ లేచేదాన్ని. "బెల్లం తియ్యిర్రి, ముందు బెల్లం తియ్యిర్రి" అని అత్తమ్మ అరుస్తోంది. నా తల బొప్పి కట్టింది, కొప్పు ఊడింది, ఒళ్ళో నాలుగు వక్కలు పడ్డాయి. నేను నవ్వడం మొదలుపెట్టాను. బిడ్డ పోయినాక నేను నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే ఏడ్చాను.

నన్ను దింపారు. బూరలోంచి చిలుకమ్మను తీశారు, ఆమెకు దెబ్బేమీ తగల్లేదు. ఆమె కొప్పు సవరించుకుని, నేల మీద పడ్డ పైసలనూ వక్కలనూ కాసేపు చూసింది. నా ఒళ్ళో పడ్డవీ చూసింది.

"తల్లి అక్షింతలు వేసినట్టున్నది" అన్నది అత్తమ్మ, ఎవరి వైపూ చూడకుండా.

చిలుకమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచి నా తల మీది బొప్పి తడిమింది. "పసుపు పెట్టిర్రి పిల్లకు" అన్నది. తొర్రూరు పిల్ల మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. మాట మీద నిలబడే మనిషి ఆమె.

ఇక బెల్లం. తీసేసిన ముద్దలను మొగిలయ్య మళ్ళీ దుకాణానికి తోలడానికి బండి తిప్పాడు. "ఏడికి?" అన్నాడు మామ.

"కాంట మంచిగైంది గద సేటు. మళ్ళ తూచి, మిగిలింది దుకాణంల పెడితే..."

"తల్లి పేరు చెప్పి పళ్ళెంల వేసినంక మళ్ళ దుకాణంల పెడతరా? అంతా మేడారం బండెక్కియ్యి."

ఏడాది పాటు నా కంచం వైపు చూసి గుటకలు మింగిన మనిషి ఆ మాట అన్నాడు. అని, ఒకసారి గుటక మింగాడు. అది మాత్రం ఆపుకోలేకపోయాడు.

మేడారం గద్దె దగ్గర జనం తోపులాటలో మా బెల్లం మోసిన వాళ్ళు, ఇంత బంగారం ఎవరి ఎత్తని అడిగారు. పక్కనే సన్నగా నిలబడ్డ నన్ను చూపించాడు మామ. వాళ్ళు నన్ను చూసి, బెల్లాన్ని చూసి, ఆయన్ని చూశారు. "మా కోడలు" అన్నాడు మామ, వేరే ఏ లెక్కా చెప్పకుండా.

జాతర నుంచి తిరిగొచ్చిన వారంలో ఒక పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే పాత ఇనుము కొనేవాడు మా ఇంటి ముందు బండి ఆపాడు. మా వాడకట్టులో అతను ఎప్పుడూ ఆపని ఇల్లు మాదే. మామ వసారాలో నిచ్చెన వేసి గొలుసులు విప్పుతున్నాడు. నేను చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

బండివాడు దండెను ఎత్తి, వేలితో తట్టి చూశాడు. "మంచిగనే ఉన్నది గద సేటు. నడుస్తాంది. ఎందుకమ్ముతాండ్లు?"

"నడుస్తది" అన్నాడు మామ. "కని మాకొద్దు."

నాకు ఉండబట్టలేదు. "ఎందుకు మామా? అది పాడుకాలేదు. వక్కలు పెట్టింది మనమే గద. దాని తప్పేమున్నది?"

మామ దండె మీద ఆఖరుసారి చెయ్యి వేశాడు. ఈసారి కళ్ళకద్దుకోలేదు.

"దాని తప్పు లేకుంటే లేకపాయె. నలుగుట్ల నిన్ను కాదన్నది. రోజు పొద్దుగాల లేసి దాని మొఖం నేనెట్ల చూడాలె బిడ్డా?"

బండివాడు కాంటాను ఎక్కించుకుని పోయాడు. మామ ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు బతికాడు. నా ముగ్గురు పిల్లలను ఆడించాడు. చొట్టపడిన బూరను మొగిలయ్య చేత కొట్టించి మళ్ళీ అటకెక్కించాడు, రేడియోను తుడిచి ఎలుకల కోసమే అన్నట్టు తలుపు కొంచెం తెరిచి పెట్టాడు. పెట్రోమాక్స్ ఇప్పటికీ నా దగ్గర గోడవారగా ఉంది, వచ్చిన కోడళ్ళ కాళ్ళకు తగులుతూనే ఉంది. ఆ ఇంట్లోంచి ఆయన తన చేత్తో బయటికి పంపిన పాత వస్తువు ఆ కాంటా ఒక్కటే.